ముక్క తీయాలా, డబ్బు కొనాలా?

సంక్రాంతికి గురజాల వెళ్తూ బ్యాగులో ఒక పెట్టె పెట్టుకెళ్లా. నరసరావుపేటలో ఎక్కి పిడుగురాళ్ల దాటేదాకా దాన్ని ఒళ్లోనే పెట్టుకుంటే పక్క సీటాయన "ఏంది బాబూ, స్వీట్లా?" అనడిగాడు. ఇంటికెళ్లాక అమ్మ మూత తీసింది. లోపల దాదాపు 500 ముక్కలు. "పండగ పూట ఇంట్లోకి పేకముక్కలు తెచ్చావేందిరా?" అంది. ఇది పేకాట కాదమ్మా, ఇందులో పందెం ఉండదు అని ఒప్పించడానికి ఒక పూట పట్టింది.

మర్నాడు మాచర్ల నుంచి పిన్ని వాళ్లొచ్చారు. వాళ్లబ్బాయి నరసరావుపేటలో బీటెక్ ఫైనలియర్. వాడికి పది నిమిషాల్లో ఆట నేర్పి కూర్చోబెట్టా. నేను మూడేళ్లుగా ఆడుతున్నా, వాడికి అదే మొదటిసారి. ఆట మొత్తం నేను రకరకాల యాక్షన్ ముక్కలు కొన్నా. ఒక్కో వంతులో ముక్క మీద ముక్క తీసి, పేకముక్కల మేడ కడుతున్నంత హడావుడి చేశా. వాడు డబ్బు తప్ప ఏమీ కొనలేదు. నేను చేతినిండా ముక్కలు తీసి లెక్కపెట్టుకుంటే ఏడు నాణేలు. కావాల్సింది ఎనిమిది. వాడు రెండు గోల్డ్, ఒక సిల్వర్ కిందపెట్టి "ఎనిమిదే కదన్నా?" అని చివరి ప్రావిన్స్ తీసుకున్నాడు.

గురజాల వాడు మాచర్ల వాడి చేతిలో ఓడిపోతే మా పల్నాడులో ఊరుకుంటారా! భోజనాల దగ్గర బాబాయి బ్రహ్మనాయుడి కథంతా ఎత్తుకున్నాడు. అప్పుడు కోడిపందెంలో ఓడి ఊరొదిలి వెళ్లింది మాచర్ల వాళ్లు, ఇప్పుడు నీ వంతు అని. అది సరే. ఎక్కువ ముక్కలు తీసినవాణ్ణి నేను, గెలిచింది వాడు. ఎందుకలా? ఆ రాత్రి మొదలైన లెక్క ఇది. ఉద్యోగాల పేజీలో ఆటల గొడవేంటని అనుకోకండి, నా మొదటి మంచి ఇంటర్వ్యూ ఈ ఆట మీదే నడిచింది. అక్కడికీ వస్తా.

ఎవరి కట్ట వాళ్లదే

రమ్మీలో అందరికీ కలిపి ఒకటే ఆట. డెక్ బిల్డింగ్ ఆటల్లో ఎవరి కట్ట వాళ్లకుంటుంది. మొదట్లో అది పనికిమాలిన కట్ట. ఆడుతూ ఆడుతూ మంచి ముక్కలు కొని దాన్ని బాగుచేసుకోవాలి. ఈ తరహాకి దారి వేసిన ఆట డొమినియన్. అమెరికాకి చెందిన డొనాల్డ్ ఎక్స్ వాకరినో తయారుచేశాడు. 2008లో వచ్చింది, మరుసటి ఏడాది జర్మనీలో బోర్డ్ గేములకిచ్చే పెద్ద అవార్డు స్పీల్ డెస్ యారెస్ గెలిచింది. కంప్యూటర్లో, ఫోన్లో కూడా ఆడొచ్చు.

నియమాలు కొంచమే. మొదట ప్రతివాడికీ పది ముక్కలు. అందులో ఏడు కాపర్లు, ఒక్కోటి ఒక నాణెం. మిగతా మూడు ఎస్టేట్లు, ఆట చివర్లో ఒక్కో పాయింటు ఇస్తాయి గానీ మధ్యలో దేనికీ పనికిరావు. కలిపి ఐదు తీసుకుంటారు. మీ వంతులో ఒక యాక్షన్ ముక్క ఆడొచ్చు, తర్వాత చేతిలో ఉన్న డబ్బుతో ఒక ముక్క కొనొచ్చు. అంతే. వాడినవీ, వాడనివీ, కొన్నదీ అన్నీ పక్కన పడేసి కొత్తగా ఐదు తీస్తారు. కట్ట అయిపోతే పడేసిన కుప్పని కలిపి మళ్లీ కట్ట చేస్తారు. మిగిలిన నాణేలు తర్వాతి వంతుకి రావు.

సిల్వర్ ధర 3, ఇచ్చేది 2 నాణేలు. గోల్డ్ ధర 6, ఇచ్చేది 3. ప్రావిన్స్ ధర 8, చివర్లో 6 పాయింట్లు. కానీ చేతికొచ్చినప్పుడు అది దండగ ముక్కే. ఇద్దరు ఆడితే ప్రావిన్సులు ఎనిమిదే ఉంటాయి. అవి అయిపోయినా, ఏవైనా మూడు రకాల కుప్పలు ఖాళీ అయినా ఆట ముగుస్తుంది.

ఇక్కడే రెండు దారులు. ఒకటి మా తమ్ముడి దారి: డబ్బు కొనడం. ఎనిమిది వస్తే ప్రావిన్స్, ఆరో ఏడో వస్తే గోల్డ్, మూడు నుంచి ఐదు దాకా వస్తే సిల్వర్. ఆడేవాళ్లు దీన్ని బిగ్ మనీ అంటారు. రెండోది నా దారి: ముక్కలు తీసే ముక్కలు కొనడం. స్మిథీ ధర 4, ఆడితే మూడు ముక్కలు తీసుకోవచ్చు. లేబొరేటరీ ధర 5, రెండు ముక్కలు తీసి ఇంకో యాక్షన్ ఆడుకునే వీలిస్తుంది. ఐదు ముక్కల చేయి ఏడు ముక్కలైతే ఎవరికి చేదు?

మూడు ముక్కల ఖరీదెంత

చేదే, కొన్నిసార్లు. స్మిథీ తీసేది డబ్బుని కాదు, మీ కట్టలో ఏముంటే దాన్ని. కాబట్టి ముందు తెలియాల్సింది మీ కట్టలో ఒక ముక్కకి సగటున ఎన్ని నాణేలు అని. మొదటి కట్టలో పది ముక్కలకి ఏడు నాణేలు, అంటే ముక్కకి 0.7.

ఇప్పుడు చేతిలో ఒక ముక్క స్థానంలో సిల్వర్ ఉందనుకోండి, అది కచ్చితంగా 2 ఇస్తుంది. దాని బదులు స్మిథీ ఉంటే తనకంటూ నాణెం లేదు, కానీ మూడు ముక్కలు తెస్తుంది. మొదట్లో మూడు 0.7లు, అంటే 2.1. రెండు నాణేలకీ, 2.1కీ తేడా ఎంత? పైసా వంతు. పైగా సిల్వర్ మూడు నాణేలకే దొరుకుతుంది, స్మిథీకి నాలుగు కావాలి. ఆట మొదట్లో ముక్కలు తీయడం గొప్పగా కనిపిస్తుంది గానీ తీసేవన్నీ కాపర్లు, ఎస్టేట్లే.

సగటు 1 దాటిందా, కథ మారుతుంది. అక్కడినుంచి స్మిథీ గోల్డ్ కంటే ఎక్కువ తెస్తుంది, అదీ గోల్డ్ కంటే రెండు నాణేలు తక్కువ ధరకి. మొదటి పది ముక్కలకి మూడు సిల్వర్లు, రెండు గోల్డ్లు చేరాయనుకుందాం. 15 ముక్కలు, 19 నాణేలు, సగటు దాదాపు 1.27. ఉత్త ఐదు ముక్కలతో సగటున 6.3 నాణేలొస్తాయి, ప్రావిన్స్ అందదు. దానికో గోల్డ్ చేర్చితే, ఆ గోల్డ్ చేతికొచ్చిన వంతులో సగటున 8.1. గోల్డ్ బదులు స్మిథీ చేర్చితే, అది చేతికొచ్చినప్పుడు మిగతా నాలుగుకి మూడు కలిసి ఏడు ముక్కలు, దాదాపు 8.9. నాలుగు నాణేల ముక్క ఆరు నాణేల ముక్కని దాటేసింది.

అదే కట్టలోకి నాలుగు ప్రావిన్సులొచ్చి కూర్చుంటే? ముక్కలు 19, నాణేలు 19, సగటు సరిగ్గా 1. అప్పుడు స్మిథీ ఉన్న చేయి ఏడు, గోల్డ్ ఉన్న చేయీ ఏడే. పాయింట్లు కొన్న కొద్దీ ముక్కలు తీసేవాడి బలం తగ్గుతూ వస్తుంది, ఎందుకంటే తీసినవాటిలో దండగ ముక్కలు పెరుగుతాయి. గోల్డ్ మాత్రం కట్ట ఎలా ఉన్నా మూడే ఇస్తుంది. లేబొరేటరీకి పరీక్ష ఇంకా గట్టిది. అది తెచ్చేది రెండే ముక్కలు గనక సగటు 1 దాటితేనే సిల్వర్‌ని, ఒకటిన్నర దాటితేనే గోల్డ్‌ని మించుతుంది.

మరి అంతా డబ్బే కొనేస్తే పోదా? పోదు. ఉత్త డబ్బు దారిలో ఒకే ఒక స్మిథీ కలిపి ఆడేవాడు ఉత్త డబ్బువాణ్ణి తేలిగ్గా గెలుస్తాడు. ఆ ఒక్క ముక్క ఆట పొడుగునా మంచి కట్టలోంచే తీస్తుంటుంది కదా. ఎక్కువమంది చెడగొట్టుకునేది రెండో, మూడో, నాలుగో స్మిథీ దగ్గర.

రెండు స్మిథీలు ఒక ఒరలో

వంతుకి ఒకే యాక్షన్ అని చెప్పాగా. చేతిలోకి రెండు స్మిథీలొస్తే ఒకటి చచ్చిన ముక్క. ఎంత తరచుగా వస్తాయో లెక్కేయొచ్చు. 12 ముక్కల కట్టలో రెండు స్మిథీలున్నాయి. కలిపి మొదటి ఐదు తీస్తే రెండూ అందులోనే పడే అవకాశం 33లో 5, అంటే దాదాపు 15 శాతం. ఇదేమంత భయపెట్టదు. కానీ ఒకటే వచ్చి, దాన్ని ఆడి తీసిన మూడు ముక్కల్లో రెండోది తగిలినా నష్టమే. ఆ రెండూ కలిపితే 66లో 25, దాదాపు 38 శాతం. తీసే ముక్క ఎంత బాగా తీస్తే తన జోడీని అంత తరచుగా ఢీకొంటుందన్నమాట. నేను ఆ ఆటలో నాలుగు స్మిథీలు కొన్నా. ఇక మీరే ఊహించుకోండి.

దానికి మందుగా విలేజ్ అనే ముక్క ఉంది. ధర 3. ఆడితే ఒక ముక్క తీసి, ఇంకో రెండు యాక్షన్లు ఆడుకోవచ్చు. కొత్తగా నేర్చుకున్న ప్రతివాడూ దీనితో ప్రేమలో పడతాడు, నేనూ పడ్డా. చేతిలో విలేజ్, స్మిథీ, ఇంకో మూడు ముక్కలున్నాయనుకోండి. విలేజ్ ఒకటి తెస్తుంది, స్మిథీ మూడు తెస్తుంది. రెండూ ఆడేశాక చేతిలో మిగిలేది ఏడు ముక్కలు, ఒక యాక్షన్. విలేజ్ లేకుండా ఉత్త స్మిథీ ఆడితే? నాలుగు, మూడు, ఏడే. అంటే విలేజ్ ఇచ్చింది ముక్కలు కాదు, ఇంకో యాక్షన్ ఆడే వీలు. ఆ వీలు వాడుకోవడానికి రెండో స్మిథీ చేతిలో ఉంటే అది బంగారం. లేకపోతే అది తన స్థానంలోకి ఇంకో ముక్కని పిలిచి తప్పుకునే పెద్దమనిషి. విలేజ్ మీద విలేజ్ ఆడుతూ పోతే వంతు పొడుగు పెరుగుతుంది, చేయి పెరగదు. ఎదుటివాడు టీ తాగొస్తాడు.

ఇంకో చిక్కు కొనుగోళ్లది. చేతినిండా తీసి 16 నాణేలు పోగేసినా, వంతుకి కొనేది ఒక్కటే కాబట్టి ఒకే ప్రావిన్స్. రెండో కొనుగోలు కావాలంటే మార్కెట్, ఫెస్టివల్ లాంటి ముక్కలుండాలి. తీసే దారి ఎంచుకుంటే అందులో మూడు సర్దుబాట్లు చేయాలి: తీసేవి, వాటిని ఆడనిచ్చేవి, వచ్చిన డబ్బుని ఖర్చుపెట్టనిచ్చేవి. మూడూ కుదిరితే ఒకే వంతులో రెండు ప్రావిన్సులు పట్టుకెళ్లొచ్చు, డబ్బువాడు నోరెళ్లబెట్టి చూడాల్సిందే. ఒక్కటి తగ్గినా నాలాగా ఏడు నాణేలు లెక్కపెట్టుకోవాల్సిందే. ఇదంతా కుదరడానికి చాలా వంతులు పడుతుంది, ఆలోగా ఎదుటివాడు సగం ప్రావిన్సులు కొనేసి ఉంటాడు.

ఈ రెండు దారుల మధ్య నాకు అన్నిటికంటే నచ్చిన ముక్క ఏదీ తీయదు, ఒక్క నాణెమూ ఇవ్వదు. దాని పేరు చాపెల్. ధర రెండే. ఆడితే చేతిలోవి నాలుగు ముక్కల దాకా కట్టలోంచి శాశ్వతంగా తీసేయొచ్చు. మొదటి కట్టలో మూడు ఎస్టేట్లు తీసేస్తే ఏడు ముక్కలకి ఏడు నాణేలు. చాపెల్‌ని లెక్కలో కలపకపోతే, డబ్బు ముక్క ఒక్కటీ కొనకుండానే సగటు 0.7 నుంచి 1కి వచ్చేసింది! కొత్తవాళ్లకి ఇది మింగుడుపడదు. ఉన్న పాయింట్లు పారేసుకోవడమేంటన్నా అన్నాడు మావాడు. కానీ సగటు పెరిగితే తీసే ప్రతి ముక్కా విలువ పెరుగుతుంది.

అన్ని ఆటల్లో డబ్బు ఒకలా ఉండదు

డొమినియన్‌లో డబ్బు దాచుకోలేం. 2024లో వచ్చి పేరు తెచ్చుకున్న బలాట్రోలో అలా కాదు. ఒక్క మనిషి తయారుచేసిన ఆట అది, పోకర్ చేతుల మీద నడుస్తుంది గానీ పందెం లేదు. రౌండు చివర మీ దగ్గరున్న ప్రతి ఐదు డాలర్లకి ఒక డాలరు వడ్డీ, మామూలుగా గరిష్ఠంగా ఐదు. అంటే 25 డాలర్లు కదలకుండా ఉంచుకున్నవాడికి రౌండుకి ఐదు ఊరికే వస్తాయి. అక్కడ ఏదీ కొనకపోవడం కూడా ఒక ఎత్తు. స్లే ద స్పైర్‌లో బంగారంతో దుకాణంలో కొత్త ముక్కలు కొనొచ్చు, అదే బంగారంతో పాత ముక్కలు తీసేయించుకోవచ్చు. మొదటిసారి 75, ఆ తర్వాత తీసేయించిన ప్రతిసారీ ఇంకో 25 ఎక్కువ. చెత్త వదిలించుకోవడానికి డబ్బు కట్టించుకునే ఆట అది, జనం సంతోషంగా కడతారు.

ఇక్కడ ఒక మాట. ఇవి డబ్బు పెట్టి డబ్బు కోసం ఆడే ఆటలు కావు. రమ్మీ ప్రధానంగా నైపుణ్యపు ఆటేనని ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన కేసులోనే 1967లో సుప్రీంకోర్టు అంది. అయినా ఆన్‌లైన్‌లో పందెం కట్టే రమ్మీ, పోకర్లను మన రాష్ట్రం 2020లో నిషేధించింది, 2025లో కేంద్రం దేశమంతటికీ చట్టం చేసింది. నైపుణ్యం ఉంది కదా అని హాస్టల్ ఫీజు పెట్టి ఆడినవాళ్లు మీ బ్యాచ్‌లోనూ ఉండే ఉంటారు. అమ్మ భయం ఊరికే పుట్టింది కాదు.

ఇంటర్వ్యూలో నాలుగు నిమిషాల మౌనం

నేను 2019లో బీటెక్ పూర్తిచేశా. మా నలుగురి ఫైనలియర్ ప్రాజెక్టు డబ్బులిచ్చి రెడీమేడ్‌గా తెచ్చుకున్నది. మొదటి ఇంటర్వ్యూలో "ఇందులో నువ్వు రాసిన భాగం చూపించు" అన్నారు. చూపించడానికి ఏమీ లేదు. మాటలు వెతుక్కుంటూ కూర్చున్నా, ఎదుటాయన గడియారం చూసుకున్నాడు.

తర్వాత ఏడాదిన్నర అమీర్‌పేటలో కోర్సు మీద కోర్సు చేశా. జావా, తర్వాత టెస్టింగ్, తర్వాత క్లౌడ్. ఒక్కోదానికీ సర్టిఫికెట్ వచ్చింది. ఇప్పుడు చూస్తే నేను విలేజ్‌లు కొన్నానన్నమాట. ప్రతిదీ ఇంకోటి నేర్చుకునే వీలిచ్చింది, చేతిలోకి మాత్రం ఏమీ రాలేదు. అప్పటికి ఈ ఆట నాకు తెలియదు కాబట్టి ఆ పోలిక తర్వాత తట్టిందే.

ఆట పరిచయమయ్యాక ఉబుసుపోక ఒక సిమ్యులేటర్ రాశా. పైథాన్‌లో 150 లైన్లు కూడా ఉండదు. కట్ట ఒక లిస్టు, పడేసిన కుప్ప ఇంకో లిస్టు, కలపడానికి రాండమ్ మాడ్యూల్. వ్యూహం ఒక ఫంక్షన్: చేతిలో ఇన్ని నాణేలుంటే ఏం కొనాలో చెబుతుంది. రెండు వ్యూహాల్ని ఎదురెదురుగా పది వేల ఆటలు ఆడించి ఎవరు గెలిచారో లెక్కపెట్టడమే. దీనికి మాంటె కార్లో పద్ధతి అని పెద్ద పేరుంది. అదీ పేకముక్కల్లోంచే పుట్టింది. 1946లో స్టానిస్లా ఉలామ్ అనే గణితవేత్త జబ్బుపడి కోలుకుంటూ సాలిటైర్ ఆడుకుంటున్నాడు. ఆట పూర్తయ్యే అవకాశమెంతో కాంబినేషన్లతో లెక్క కట్టబోతే తెగలేదు. వందసార్లు ఆడి ఎన్నిసార్లు పూర్తయిందో చూస్తే పోలా అనిపించింది. అదే ఆలోచనని జాన్ వాన్ న్యూమన్‌తో కలిసి లాస్ ఆలమోస్‌లో న్యూట్రాన్ల లెక్కలకి వాడారు.

నాకు ఉద్యోగమొచ్చిన ఇంటర్వ్యూలో ఈ ప్రోగ్రాం మీదే ముప్పావుగంట గడిచింది. వాళ్లడిగిన మొదటి ప్రశ్న "ఇది సరిగా పనిచేస్తోందని నీకెలా తెలుసు?" మీరు ఏ ప్రాజెక్టు చేసినా ఈ ప్రశ్న వస్తుంది, జవాబు దగ్గర పెట్టుకోండి. నా జవాబు ఇది: చేత్తో లెక్కేయగలిగిన ఒక సంగతితో పోల్చా. ఆటలో మొదటి రెండు చేతుల్లో ఏడు కాపర్లు 4-3గా గానీ 5-2గా గానీ పంచుకుంటాయి. 5-2 రావాలంటే మొదటి ఐదులో కాపర్లు ఐదైనా ఉండాలి, రెండైనా ఉండాలి. పది ముక్కల్లో ఐదు తీసే పద్ధతులు 252. ఏడు కాపర్లలో ఐదు తీసేవి 21, రెండు తీసి మూడు ఎస్టేట్లు కలిపేవి ఇంకో 21. 252లో 42, ఆరింట ఒకటి. ప్రోగ్రాం కూడా దాని చుట్టుపక్కలే చెబితే కలపడం సరిగా ఉన్నట్టు. ఈ లెక్క తెల్ల కాగితం మీద వేసి చూపిస్తే ఎదుటాయన కుర్చీ ముందుకి లాక్కున్నాడు.

"సగటు లెక్క తెలిశాక సిమ్యులేటర్ ఎందుకు?" అన్నది రెండో ప్రశ్న. ఎందుకంటే సగటున 8 వచ్చినా ఒక వంతులో 11, ఇంకో వంతులో 5 రావొచ్చు. 11లో మూడు వృథా, 5తో ప్రావిన్స్ రాదు. సగటు ఒకటే ఉన్న రెండు కట్టలు వేరు వేరు ఫలితాలిస్తాయి. అది తెలియాలంటే ఆడించి చూడాల్సిందే.

బీటెక్‌లో ప్రాబబిలిటీ అండ్ స్టాటిస్టిక్స్‌ని పరీక్ష రాసి వదిలేసినవాళ్లకి ఇది మళ్లీ పట్టుకునే దారి. గేట్‌లో 2024 నుంచి వచ్చిన డేటా సైన్స్ అండ్ ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్ పేపర్లో కూడా ప్రాబబిలిటీ సిలబస్ పర్ముటేషన్లు, కాంబినేషన్లతోనే మొదలవుతుంది. ఆట పెట్టె కొనక్కర్లేదు. నియమాలు పైన చెప్పినవే చాలు. ముందు ఉత్త డబ్బు వ్యూహం రాయండి, దానికి ఒక స్మిథీ, తర్వాత రెండు, మూడు కలిపి చూడండి. ఏ సంఖ్య దగ్గర గెలుపు తగ్గడం మొదలవుతుందో గ్రాఫ్ గీస్తే అదే మీ ప్రాజెక్టు. మీరే రాశారు కాబట్టి ఏ లైను అడిగినా చెప్పగలరు. కాపీ కొట్టొద్దు, నా అనుభవం చెప్పాగా.

మావాడి సంగతి

పండగ మూడో రోజు మావాడు అసలు విషయం బయటపెట్టాడు. హైదరాబాద్‌లో నెలకి 15 వేల ఉద్యోగం వచ్చింది, కోడింగ్ లేని పని. వద్దని ఆరు నెలలు డేటా సైన్స్ కోర్సులో చేరాలని ఉంది. ఫీజుకి మిర్చి డబ్బులొచ్చేదాకా అప్పు చేయాలని పిన్ని దిగులు. "నీ లెక్క ప్రకారం ఏది చేయాలన్నా?" అన్నాడు.

ఆట లెక్క జీవితానికి అతికించడం నాకు పూర్తిగా ఇష్టం లేదు. ఆటలో డబ్బు ప్రతి వంతుకీ పోతుంది, ఇంట్లో అప్పు పోదు, మిత్తి పెరుగుతుంది. అయినా ఒక ప్రశ్న మాత్రం అక్కడినుంచే అడిగా: కోర్సు అనేది ముక్కలు తీసే ముక్క, అది తీయడానికి నీ కట్టలో ఇప్పుడేముంది? పైథాన్ వచ్చా? సొంతగా రాసిన ప్రోగ్రాం ఒకటి ఉందా? వాడు తల గోక్కున్నాడు. సగటు 0.7 దగ్గర కోర్సు కొంటే నాలాగా ఏడాదిన్నర పోతుంది. ఉద్యోగంలో చేరడానికి ఇంకా మూడు వారాల గడువుంది. ఈలోగా సిమ్యులేటర్ సొంతగా రాసి చూడు, రాయగలిగితే, రాస్తుంటే సరదాగా ఉంటే అప్పుడు కోర్సు సంగతి పిన్నితో నేను మాట్లాడతా అన్నా. నా ప్రోగ్రాం కూడా ఇచ్చా, కాకపోతే వాడిది రాశాకే తెరవాలని షరతు పెట్టి.

పదకొండో రోజు రాత్రి నరసరావుపేట నుంచి ఫోన్. "అన్నా, నీ ప్రోగ్రాంలో తప్పుంది." నిద్రమత్తులో ఏంట్రా అన్నా. "ఒకే వ్యూహాన్ని దానితోనే ఆడించా. ఇద్దరూ ఉత్త డబ్బే. సగం సగం గెలవాలి గదా? రావట్లేదు. పైన రాసినవాడే ఎక్కువ గెలుస్తున్నాడు. నాదాంట్లోనూ అంతే."

లేచి ల్యాప్‌టాప్ తెరిచా. కోడ్‌లో తప్పు లేదు. మొదట ఆడేవాడికి ఒక వంతు ముందుంటుంది, చివరి ప్రావిన్స్ కొనడానికీ వాడే ముందుంటాడు. నేనెప్పుడూ స్మిథీ వ్యూహాన్నే ముందు కూర్చోబెట్టి ఆడించా, ఒక్కసారి కూడా చోట్లు మార్చలేదు. మూడేళ్లుగా చూడనే లేదు, ఇంటర్వ్యూలోనూ ఎవరూ అడగలేదు. నా పాత గ్రాఫులన్నీ మళ్లీ గీయాలి. "సరే, చోట్లు మార్చి నువ్వే మళ్లీ నడిపి అంకెలు పంపు" అన్నా. "పంపుతా. పిన్నితో ఎప్పుడు మాట్లాడతావ్?" అన్నాడు. వాళ్లమ్మని వాడు పిన్ని అంటున్నాడంటే నన్ను వెక్కిరిస్తున్నాడని అర్థం.